బాపు రికార్డులు అమ్మాల్నంటే ఎక్కడ పెట్టాలె, ఎంతకు ఇయ్యాలె? జర చెప్పుండ్రి

కాజీపేట_క్వార్టర్:

అందరికి నమస్తే. ఇక్కడ కొత్తగ చేరిన, తప్పుంటె ఏమనుకోకుండ్రి. మాది కాజీపేట. బాపు రైల్వేల చేసి రిటైరయిండు, రెండేండ్ల కింద పోయిండు. ఆయనకు పాటలంటె పానం. జీతం పడ్డ వారం సికింద్రాబాద్ పోయిండంటె చేతుల ఒక రికార్డు లేకుంట బండి దిగకపోయేది. ఇప్పుడు ఇల్లు మారుతున్నం, హన్మకొండ నక్కలగుట్ట దిక్కు చిన్న ఫ్లాటు దొరికింది. సజ్జ మీది సందుగ దించి లెక్కపెడితె 140 తేలినయి. పెద్ద ఎల్పీలు 62, చిన్న ఈపీలు 47, ఇగ నిమిషానికి 78 చుట్లు తిరిగే, బరువుగ ఉండే పాత 78 రికార్డులు 31. ఎక్కువ తెలుగు సినిమా పాటలే, ఘంటసాల గారియి మస్తున్నయి, కొన్ని హిందీ, ఆరేడు ఖవ్వాలీలు, ఒక పది ఇంగ్లీషుయి. ఆ ఇంగ్లీషుయి పక్క క్వార్టర్ల ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ సారు ఊరిడిసి పోయేటప్పుడు బాపుకు ఇచ్చి పోయిండని అమ్మ అంటది.

మొన్న ఒక అమ్మకాల ఆప్‌ల నాలుగు ఫోటోలు పెట్టి "పాత రికార్డులు 140, మంచి కండిషన్" అని రాసిన, అంతే, రెండు గంటల్ల ఇరవై మెసేజులు. ఒకాయన మొత్తం గుత్తకు 9000 ఇస్త, సాయంత్రమే వచ్చి ఆటోల ఏసుకపోత అన్నడు. ఇంకొకాయన మిలిటరీల చేస్త అని కార్డు ఫోటో పంపిండు, బేరం కూడ ఆడలె, "క్యూఆర్ కోడ్ పంపిన, స్కాన్ చెయ్యి, నీ ఖాతాల 10000 పడుతయి" అన్నడు. నేను స్కాన్ చేసిన కూడ, పిన్ అడిగేసరికి మా బిడ్డ చేతులకెళ్లి ఫోన్ గుంజుకుంది. అప్పటి సంది ఏ మెసేజుకు జవాబియ్యాలన్నా భయమయితుంది.

9000 ఆయన రోజు ఫోన్ చేస్తుండు. ఇచ్చెయ్యాల్నా? ఒక్కొక్కటి అమ్ముకుంటె నిజంగ ఎక్కువొస్తదా? ధర ఎట్ల తెలుస్తది? దూరం ఊర్లకు పంపాల్నంటె పలుగకుంట ఎట్ల కట్టాలె? ఇంట్ల హెచ్ఎంవీ ఫియెస్టా ప్లేయరుంది, తిరుగుతది గని ముల్లు విరిగింది, అందుకే ఏది ఎట్ల పాడుతదో నాకు తెల్వది. పైసల కోసమే కాదు. కొత్త ఫ్లాటుల జాగ లేదు, పాతసామాను బండోనికి ఎయ్యబుద్ధి అయితలేదు. వినేటోళ్ల చేతికి పోవాలె, అది నా ఆశ.

ఓరుగల్లు_ముల్లు:

అన్నా, ముందు ఆ పోస్టు తీసేయి. 140 రికార్డులు ఒక్క ఫోటోల పెట్టి మంచి కండిషన్ అని రాస్తె గుత్త బేరగాళ్లే వస్తరు. వాళ్ల తప్పు కూడ కాదు, లోపల ఏమున్నదో తెల్వనప్పుడు వాళ్లు అన్నీ చెడిపోయినయే అనుకొని ధర కడుతరు. 9000 అంటె ఒక్కోటి 65 రూపాయలు కూడ పడలె. ఇయ్యకు.

పాతది అంటె ఖరీదు అనుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు, అట్లేం లేదు. ఎన్ని అచ్చయినయి, ఇప్పుడు ఎందరికి కావాలె, అన్నిటికన్న ముందు గాడి, అంటె రికార్డు మీద ముల్లు తిరిగే సన్న గీత, ఎంత మిగిలింది, ఈ మూడే. ఉదాహరణకు ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ ఉంటది చూడు, 1974ల ఆయన పోయినంక వచ్చింది, మన దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఉన్నదో లెక్క లేదు, అందుకె ఎంత మంచి పాటైనా ధర ఎక్కువ పలుకది. అదే ఒక సరిగ ఆడని సినిమా ఈపీ, అప్పుడు ఎవ్వరు కొననిది, ఇప్పుడు దేవులాడి దేవులాడి కొంటరు.

ఇప్పుడు నువ్వు చేసేది ఇది. పొద్దుగాల కిటికీ కాడ గని, ఒక్క బల్బు కింద గని కూసో. రికార్డును అంచుల మీద రెండు అరచేతులతోటి పట్టుకో, వేలు గాడి మీద పడొద్దు. వెలుతురుకు జరంత వంచి తిప్పు. మంచి రికార్డు కొత్త బొగ్గు లెక్క నల్లగ మెరుస్తది. మస్తుగ పాడించింది బూడిద రంగు తిరుగుతది, ఒక పొర పట్టినట్టుంటది, ఎంత తుడిచినా పోదు. అది దుమ్ము కాదు, గాడి అరిగింది. మన ఇండ్లల్ల ఉన్న పాత ప్లేయర్లల్ల ముల్లు గాడి మీద మోపే బరువు ఐదారు గ్రాములు, కొన్నిట్ల ఇంకెక్కువ, ఇప్పటి మంచి ప్లేయర్ల రెండు గ్రాముల చుట్టుపక్కల్నే ఉంటది. గా బరువు ముల్లుతోటి, అది కూడ అరిగిన ముల్లుతోటి, ఇష్టమైన పాట వందల సార్లు ఏసిండ్రు కదా, ఆ పాట ఉన్న కాడ్నే గాడి పోతది. అందుకె బాపుకు ఏ పాట పానమో రికార్డును చూస్తెనే నీకు తెలుస్తది.

గీతలు కూడ రెండు రకాలు. పైపైన ఎంట్రుక లెక్క ఉండేది కవర్లకెళ్లి తీసి పెట్టంగ పడ్డది, చెవులకు పెద్దగ తెల్వది. గోరుకు తట్టేది మాత్రం టక్ టక్ అంటది, ముల్లు దుంకుతది కూడ.

ఇగ గ్రేడు. గోల్డ్‌మైన్ అని అమెరికా పత్రికోళ్లు పెట్టిన లెక్కనే ప్రపంచమంత వాడుతరు. పైకెళ్లి కిందికి మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ (అంటె వెరీ గుడ్), గుడ్, ఫెయిర్, పూర్. ఈ లెక్కల కొత్తోళ్లు పడిపోయేది గుడ్ కాడ. గుడ్ అంటె మంచిది కాదు అన్నా, పాట ఏనకాల గరగర నిండి ఉన్నదానికి పెట్టే పేరు అది. ఇంట్ల వాడిన రికార్డు ఎంత పైలంగ పెట్టినా వీజీ ప్లస్ దాటుడు కష్టం. రికార్డుకు ఒక గ్రేడు, కవరుకు ఒక గ్రేడు, వేరువేరుగ రాయాలె. పాడించి చూడకుంట కంటితోటి చూసి ఇచ్చిన గ్రేడైతె ఆ మాట కూడ రాయి.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటె నాకు దెబ్బ తగిలింది. మూడేండ్ల కింద ఒక గ్రూపుల ఒకాయన "సూపర్ కండిషన్" అని ఒక ఎల్పీ పెట్టిండు, ఫోటో కవరుదొక్కటే, నేను మా అమ్మకు ఇనిపిద్దామని 1800 పెట్టి కొన్న. వచ్చినంక తీసి చూస్తె రెండో మొఖం మొత్తం బూడిద. అమ్మ ఐదు నిమిషాలు ఇని "ఎండు జొన్న పేలాలు వేయించినట్టుందిరా" అని లేచిపోయింది. ఆయనకు ఫోన్ చేస్తె, పాతవి గట్లనే ఉంటయి అన్నడు. ఆ రోజు సంది రికార్డు రెండు మొఖాలు వెలుతుర్ల తీసిన ఫోటో లేకుంట నేను పైసలు పంప, నేను అమ్మేటిదాన్కి కూడ ముందు చెడ్డ ఫోటోనే పెడుత. పెట్టినంక వాపస్ అడిగినోడు ఇప్పటిదాక ఒక్కడు లేడు.

ధర కోసం డిస్కాగ్స్ చూడు. అది 2000ల అమెరికాల పాటల రికార్డుల లెక్కకోసం పెట్టిన సైటు, తర్వాత అమ్మకాలు కూడ వచ్చినయి. రికార్డు నడిమిట్ల ఉన్న కాగితం బిళ్ల మీద నంబరు ఉంటది, అది కొట్టు. సినిమా పేరు కొడితె నాలుగు రకాలు చూపెడుతది, నంబరు కొడితె నీ చేతిలున్నదే వస్తది. హెచ్ఎంవీ పెద్ద రికార్డుల మీద ఈసీఎల్‌పీ అని ఉంటె మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటె స్టీరియో. పేజీల ఇప్పుడు ఎంతకు పెట్టిండ్రో చూడకు, ఇంతకు ముందు ఎంతకు అమ్ముడు పోయిందో చూడు, తక్కువ, నడిమి, ఎక్కువ అని మూడు అంకెలుంటయి. పెట్టిన ధర ఎవరైనా పెట్టుకోవచ్చు, కొన్న ధరనే ధర. మన తెలుగు ఈపీలు చాల మటుకు అండ్ల అమ్ముడు పోయిన లెక్క ఉండది, గట్లాంటివి ఫేస్‌బుక్ రికార్డుల గ్రూపుల పెట్టి, ఎంత పలుకుతదని అడిగినా చెప్తరు.

జమ్మికుంట_రేడియో:

మీ బిడ్డకు మొదలు దండం పెట్టాలె అన్నా. అందరు గుర్తు పెట్టుకోండ్రి, యూపీఐల పైసలు వచ్చేటప్పుడు పిన్ కొట్టేది ఉండదు. పిన్ అడిగిందంటె మన పైసలు పోతున్నట్టే, స్క్రీన్ మీద ఏమి రాసి ఉన్నా సరే. మిలిటరీ కార్డు, డ్యూటీల ఉన్న రాలేను, మా మనిషి వచ్చి తీస్కపోతడు, ఈ మూడు మాటలు ఒక్కనాడు ఒక్కని నోట్లకెళ్లి వస్తె బ్లాక్ చేసెయ్యిండ్రి. పైసలు పోతె మాత్రం సిగ్గుపడి ఊకోవద్దు, ఎంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలె, ఎంత జల్ది చేస్తె అంత మంచిది, పైసలు ఇంకో ఖాతాకు దుంకకముందే ఆపుతరు.

ఇంకోటి, బయటి దేశపోళ్లు పేపాల్ అంటరు, ఆన్‌లైన్ల పైసలు పంపే కంపెనీ, అది నడుస్తది. మన దేశం లోపల లోపల మాత్రం పేపాల్ 2021 ఏప్రిల్ 1 సంది చెల్లింపులు బంద్ పెట్టింది, ఇండియాలున్న కొనుగోలుదారు ఎవరైనా పేపాల్ లింకు పంపుత అంటె నమ్మకుండ్రి.

జగిత్యాల_78:

ఎల్పీల గురించి తమ్ముడు మంచిగ చెప్పిండు. నేను ఆ 31 గురించి చెప్త, అవి వేరే లోకం.

78 రికార్డు ప్లాస్టిక్ కాదు, లక్క. మన ఆడోళ్ల గాజులకు వాడే లక్కనే, అండ్ల రాతి పొడి కలిపి ఒత్తేటోళ్లు. అందుకె బరువు, అందుకె చేతులకెళ్లి పడితె పింగాణి లెక్క పలుగుతది. ఎల్పీలు తుడిచేటందుకు స్పిరిట్ కలిపిన నీళ్లు వాడుతరు కదా, అది 78 మీద చుక్క కూడ పడొద్దు, స్పిరిట్‌ల లక్క కరుగుతది, గాడి మొత్తం ఖతం. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ల ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ ఏసి, మెత్తటి గుడ్డతోటి గాడి తిరిగిన దిక్కే తుడువు, అడ్డం తుడువకు, నడిమి బిళ్ల తడవనియ్యకు, ఎంటనే పొడి గుడ్డ కొట్టు. ఎల్పీ ముల్లుతోటి కూడ వీటిని పాడించొద్దు. ఎల్పీ గాడి సన్నం, 78 గాడి దానికి మూడు నాలుగింతలు వెడల్పు, సన్నటి ముల్లు గాడి అడుగుకు దిగి మట్టిల దున్నినట్టు పోతది, గరగర తప్ప ఏమినరాదు. గట్ల ఇని "చెడిపోయింది" అని పారేసిన రికార్డులు మా జిల్లల్నే ఎన్ని ఉన్నయో.

పగులు చూడాలె. పూర్తిగ పలిగింది కండ్లకు కనబడుతది, ఎంట్రుకవాసి పగులు కనబడది. వెలుతుర్ల తిప్పుకుంట అంచుకెళ్లి లోపలికి పోయే సన్న గీత ఉన్నదా చూడు. పాడిస్తె నిమిషానికి 78 సార్లు టక్కుమంటది. గట్లాంటిది దాసిపెట్టి అమ్మొద్దు, పార్సిల్ల అదే మొదలు రెండు ముక్కలయితది.

ఇగ ఆ ఇంగ్లీషు రికార్డులు. ఆ పదిట్ల 78 ఏమన్న ఉన్నయా? ఉంటె పేర్లు సదువు, తొందరపడి గుత్తల కలుపకు. ఎందుకంటె బ్రిటన్, అమెరికాలల్ల 1960 చుట్టుపక్కల్నే 78 రికార్డులు చేసుడు ఆపేసిండ్రు. మన కాడ ఊర్లల్ల కరెంటు లేక తిప్పే గ్రామఫోన్లే ఉండె, గందుకె కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీల 60లల్ల కూడ 78 మీద పాటలు ఒత్తుతనే ఉన్నరు. బీటిల్స్ అనే ఇంగ్లీషు బ్యాండు పాటలు కూడ పార్లోఫోన్ కంపెనీ బిళ్లతోటి ఇక్కడ 78 మీద వచ్చినయి. ప్రపంచంల వాటికోసం దేవులాడేటోళ్లున్నరు. కాజీపేట రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ ఇంట్లకెళ్లి వచ్చినయి అంటున్నవు, ఆశ పెడుతలేను గని చూడకుంట మాత్రం ఇడువకు. ఉంటె ఇక్కడ నంబరు, బిళ్ల ఫోటో పెట్టు, నకిలీలు కూడ తిరుగుతున్నయి, అందరం కలిసి చూద్దాం.

మానేరు_ఒడ్డు:

అన్నా, కట్టే ముచ్చట నేను చెప్త. కరీంనగర్ నుంచి ఐదేండ్ల సంది పంపుతున్న. ఫ్రిజ్జుల, కూలర్ల షాపుల ముందు పడేసే రెండు పొరల అట్ట పెట్టెలు తెచ్చుకో, అడిగితె ఊకెనే ఇస్తరు.

ఎల్పీని దాని కవర్లకెళ్లి తియ్యి. లోపలి కాగితం కవర్ల అట్లనే ఉంచి, బయటి అట్ట కవరు ఏనక పెట్టు, లోపల పెట్టకు. లోపల పెట్టి పంపితె బస్తా కిందేసినప్పుడు రికార్డు అంచు కత్తి లెక్క కవరు కుట్టును చీరి బయటికి వస్తది, నా మొదటి మూడు పార్సిళ్లు గట్లనే పోయినయి, కవర్ల పైసలు నేనే వాపస్ ఇచ్చిన. తర్వాత ఆ రెండింటిని ఒక ప్లాస్టిక్ కవర్ల ఏసి, రెండు దిక్కులకు ఒక్కో అట్ట పెట్టు. అట్ట గీరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం రావాలె, అప్పుడు ఏ దిక్కు వంచినా వంగది. అట్ట 13 అంగుళాలు కొయ్యి, రికార్డు 12, అటుఇటు అర్ధంగుళం మిగిలితె మూల తగిలినా దెబ్బ అట్టకే. ఆఖరికి పెట్టె. ఊపితె లోపల చప్పుడు రావద్దు.

పోస్టాఫీసుల స్పీడ్ పోస్టే చెయ్యి. 2025 సెప్టెంబర్ 1 సంది రిజిస్టర్డ్ పోస్టు కూడ అండ్లనే కలిపిండ్రు. ఖరీదైనదైతె ఇన్సూరెన్స్ అడుగు, కౌంటరు కాడ వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఖర్చు కొనేటోడు పెట్టుకునేటట్టు ముందే మాట్లాడుకో. నువ్వు కట్టేటప్పుడు వీడియో తియ్యి, ఆయన ఇప్పేటప్పుడు వీడియో తియ్యమను.

ఎండకాలం పంపకు. మనకాడ రోహిణి కార్తెల రోళ్లు పలుగుతయంటరు, ఎల్పీ ఎంత? మధ్యాహ్నం లారీల పెట్టె రెండు గంటలుంటె చిప్ప లెక్క వంగుతది. అద్దాల నడుమ పెట్టి ఎండల సాపు చేస్తమని వీడియోలు చూసి చెయ్యకు, గాడి పోతది. ఇల్లు మారేటప్పుడు కూడ అవి నీ ఒళ్లె పెట్టుకొని పో, నిలువుగ పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు.

78లు మాత్రం నేను పోస్టుల పంప. వరంగల్ స్టేషన్ కాడికి వచ్చి తీస్కపొమ్మని చెప్త.

కాజీపేట_క్వార్టర్:

మీ అందరికి ఎట్ల చెప్పాలె థాంక్స్. పోస్టు తీసేసిన, 9000 ఆయనకు ఇయ్యను అని చెప్పిన, 15000 అన్నడు, అయినా ఇయ్యలె.

నిన్న పొద్దుగాల నుంచి రాత్రి దాక కిటికీ కాడనే కూసున్న. 78లల్ల మూడు పలిగినయి, సందుగ అడుగున పెట్టి మీద ఎల్పీలు పేర్చి ఉండె, బరువంత వాటి మీద పడ్డది. ఇంగ్లీషుయి అన్నీ ఎల్పీలే, 78 ఒక్కటి లేదు. ఎల్పీలల్ల 20 దాక బూజు పట్టినయి, తుడిస్తె పోయింది, కింద నలుపు బాగనే ఉన్నది. పదకొండిటికి ఆ బూడిద రంగు కనబడ్డది. అన్నా నువ్వు చెప్పినట్టే, అండ్ల ఏడు ఎల్పీలకు రెండో మొఖం మొదటి పాట కాడ్నే అరిగి ఉన్నది, మిగిలినదంత నల్లగనే ఉన్నది. అమ్మను అడిగితె, నైట్ డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసేలోపు ఒక్క పాట ఏసి ఇడిసేటోడు, ముల్లు జరుపుడు ఇష్టముండక మొదటి పాటనే ఇనేటోడు అన్నది.

ఇంకొకటి అడుగుత. ప్రతి కవరు ఏనక బాపు పెన్నుతోటి కొన్న తారీఖు, ధర, కింద కాజీపేట అని రాసుకున్నడు. "12-3-71, 9 రూ." గిట్ల. దీనికి ధర తగ్గుతదా? రబ్బరు పెట్టి తుడువాల్నా?

ఓరుగల్లు_ముల్లు:

తుడువకు అన్నా! పెన్ను సిరా పోదు, కవరు పైపొర లేస్తది. కవరు గ్రేడు ఒక మెట్టు తగ్గించి, "ఏనక పెన్నుతోటి రాత ఉంది" అని రాసి ఫోటో పెట్టు. కొందరు వద్దంటరు, ఒప్పుకోవాలె. నేనైతె గట్లాంటివే ఏరి కొంట, ఏ ఊర్ల ఏ రోజు కొన్నరో తెలుస్తది.

ఆ పదకొండు అరిగినయి మాత్రం అమ్మకానికి పెట్టకు. ఎవ్వరికి 50 కన్న ఎక్కువ రాదు, మీ ఇంట్ల మాత్రం వాటికి ధర కట్టలేం. మంచిగున్న ఎల్పీలు ముందు పది పెట్టు, ఒక్కసారి అన్నీ పెడితె ఫోటోలకు, జవాబులకు నీ దిమాక్ ఖరాబయితది. ఫియెస్టాకు ముల్లు దొరుకుతది, నేను దేవులాడి చెప్త, అయితె దానితోటి అమ్మేటివి పాడించకు. నాది హన్మకొండ బాలసముద్రమే, ఆదివారం ఖాళీ ఉంటె నా ప్లేయరు స్కూటీ మీద పెట్టుకొని వస్త, పది రికార్డులు పాడించి గ్రేడు రాద్దాం. అమ్మ ఏదన్న ముందు ఇనాల్నంటె తీసి పెట్టమను.

కాజీపేట_క్వార్టర్:

రా అన్నా, తిన్నంక పోదువు. అమ్మ ఇప్పుడే ఒకటి తీసి పెట్టింది, కవరు లేని ఈపీ. నడిమిట్ల ముక్క ఊడిపోయి పెద్ద బొక్క ఉన్నది, ఆ బొక్కల పెట్టే అడాప్టరు ఉంటె యాదితోటి తే.